న్యాయములేని రాజీ

గోదావరి మండలములలో ఇంటి తగవునకు మూలము తరచుగా భూమియే. ధవళేశ్వరము కడ 1847లో మొదలిడి 1852 నాటికి ముగించిన ఆనకట్ట వలన గోదావరి జలములు కాలువల వెంట పారి ఈ సీమను మాగాణిగా మార్చినవి. నీరు పారిన చోట పంట పండినది. పంట పండిన చోట భూమికి వెల పెరిగినది. వెల పెరిగిన చోట వ్యాజ్యము మొలచినది. అన్నదమ్ముల పంపకములు, ఆడపడుచుల వాటాలు, వితంతువుల మనోవర్తి, భార్యాభర్తల విడాకులు, కట్నముగా నిచ్చిన పొలమును తిరిగి యడుగుట మున్నగునవి పైకి వేరువేరు తగవులుగా కనిపించును. కాని ఇంటిలో ఎవరికెంత హక్కు కలదను ప్రశ్నకు ఇంటివారందరును ఒక్క సమాధానము నంగీకరింపకపోవుటయే వీనిలో పెక్కింటికి బీజము.

ఇట్టి తగవులలో కోర్టు కెక్కుటకంటె రాజీపడుట మేలని పెద్దలు చెప్పుదురు. వ్యాజ్యమున ఓడినవాడు కోర్టులోనే యేడ్చును, గెలిచినవాడు ఇంటికి పోయి యేడ్చునను లోకోక్తి ఊరక పుట్టలేదు. రాజీ మేలను మాట మాకును సమ్మతమే. కాని రాజీ యనగా నేమి? బలవంతుడు తనకు తోచినంత విదల్చుటయు, బలహీనుడు దొరికినంత పుచ్చుకొని వ్రేలిముద్ర వేయుటయు రాజీ యగునా? మన గ్రామములలో పెద్దమనుష్యుల యెదుట జరుగు పరిష్కారములలో కొన్ని యీ తరగతికి చేరినవేయని చెప్పుటకు మేము సంకోచింపము. ఇరుపక్షములును తమతమ హక్కుల నెరిగి చేసికొన్న రాజీ తగవును తీర్చును. ఒక పక్షమును చీకటిలో నుంచి చేయించిన రాజీ మరియొక తగవునకు విత్తనము వేయును.

ఇందులకు తెలుగుదేశమున జరిగిన యొక వ్యాజ్యమే చాలిన దృష్టాంతము. నెల్లూరు మండలమున తులసమ్మ యను నామె భర్త 1931లో, తన సవతి సోదరునితో అవిభక్తుడై యుండగా, మరణించెను. మనోవర్తికై ఆమె 1944 అక్టోబరులో నెల్లూరు జిల్లా మునసబు కోర్టు నాశ్రయించెను. రుసుము చెల్లింప శక్తి లేనందున పేదరాలిగా అర్జీ పెట్టుకొనవలసి వచ్చెను. 1946లో డిక్రీ యయ్యెను. డిక్రీ అమలు జరుపు దశలో 1949 జూలైలో ఉభయులును రాజీపడిరి. ఆ రాజీ ప్రకారము ఆమెకు కొంత యాస్తి నిచ్చిరి గాని, దాని ననుభవించుటయే తప్ప అన్యాక్రాంతము చేయు నధికారము లేదనియు, ఆమె తదనంతరము ఆస్తి తిరిగి ఆ సోదరునికే చెందవలయుననియు షరతు విధించిరి. ఆనాటి పెద్దలకు తగవు తీరినదనియే తోచియుండును. తీరలేదు. 1960, 1961 సంవత్సరములలో ఆమె అందు కొంత కౌలున కిచ్చి కొంత విక్రయింపగా, ఆ సోదరుడు 1961లో తిరిగి దావా తెచ్చెను. అది క్రిందికోర్టులను, హైకోర్టును దాటి సుప్రీంకోర్టున కెక్కి 1977 మార్చి 17న ముగిసెను. మనోవర్తి హక్కునకు బదులుగా స్త్రీకి ముట్టిన ఆస్తి, 1956 నాటి హిందూ వారసత్వ శాసనపు 14వ విభాగము వలన, ఆమెకు సంపూర్ణ స్వామ్యముగా మారినదని తీర్పు వచ్చెను. తొలి అర్జీ నాటి నుండి లెక్కించిన ముప్పదిరెండేండ్లకు పైగా! 1949లోనే ఆమెకు నిర్నిబంధముగ నిచ్చియుండినచో రెండవ దావాకు కారణమే యుండెడిది కాదు.

ధర్మశాస్త్రము మారరానిదని వాదించువారు దాని చరిత్రను మరచుచున్నారు. విజ్ఞానేశ్వరుని మితాక్షరను కేతన పదుమూడవ శతాబ్దముననే తెలుగున వ్రాసి మనకు ఒసగెను. ఆ మితాక్షర ననుసరించి కుమారునకు పుట్టుకతోడనే పిత్రార్జితమున హక్కు కలదు, కుమార్తెకు లేదు. శతాబ్దములపాటు మన యిండ్లలో నడచినది ఈ న్యాయమే. దానిని కాలము మార్చుచునే వచ్చినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహమును జరిపించునాటికి, అట్టి వివాహము చెల్లునని 1856లోనే శాసనము వెలువడియుండెను. కాని పునర్వివాహ మాడినామెకు పూర్వభర్త ఆస్తిపై హక్కు పోవునని ఆ శాసనమే చెప్పెను. 1937 నాటి శాసనము వితంతువునకు భర్తవాటాలో పరిమిత స్వామ్యము నిచ్చెను. వ్యవసాయ భూములకు దానిని మదరాసు రాష్ట్రమున 1947లో వర్తింపజేసిరి. హిందువులలో బహుభార్యాత్వమును నిషేధించి విడాకులకు దారి చూపిన మదరాసు శాసనము 1949లో వచ్చెను. పిమ్మట 1955లో వివాహ శాసనమును, 1956లో వారసత్వ శాసనమును దేశమున కంతకు నేర్పడినవి. శాసనము నూరేండ్లలో ఇంత దూరము నడచినది. మన పంచాయితీలు ఎంత దూరము నడచినవి?

ఆడుబిడ్డల హక్కు విషయమున తెలుగుదేశము ఇతరులకు మార్గదర్శక మయ్యెనని సగర్వముగా చెప్పుకొనవచ్చును. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో చేసి, 1985 సెప్టెంబరు 5 నుండి యమలులోనికి తెచ్చిన సవరణము, అవిభక్త కుటుంబపు ఆస్తిలో కుమార్తెకును కుమారునితో సమానముగా జన్మహక్కు నిచ్చెను. అయితే ఆ తేదీకి ముందు వివాహమైనవారికి అది వర్తింపలేదు. దేశమంతటికిని వర్తించు 2005 సెప్టెంబరు 9 నాటి సవరణమున ఈ వివాహభేదము లేదు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిష్టరు దస్తావేజు చేతనో కోర్టు డిక్రీ చేతనో జరిగిపోయిన పంపకములను మాత్రము అది కదలింపదు. ఒంగోలు కోర్టున నడచిన పంపకపు దావాలో ప్రాథమిక డిక్రీ ముందే యైనను, తుది డిక్రీ కానందున, ఆడపడుచులు సవరణానుసారముగ వాటా పొందవచ్చునని సుప్రీంకోర్టు 2011లో తేల్చెను. 2005 నాటికి తండ్రి జీవించియుండవలయునా యను సందేహమును 2020 ఆగస్టు 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్చెను. హక్కు పుట్టుకతో వచ్చునది గనుక తండ్రి జీవించియుండ నక్కరలేదనియు, పూర్వము నోటిమాటగా పంచుకొంటిమను వాదమును, ప్రభుత్వ దస్తావేజుల బలముగల అరుదైన సందర్భములలో తప్ప, అంగీకరింపరాదనియు నిర్ణయించెను.

ఇచ్చట మా పాఠకులలో ఆసాములు రెండభ్యంతరములు చెప్పుదురు. మొదటిది: బిడ్డకు కట్నమిచ్చి పంపితిమి, ఇక వాటా యెక్కడిదని. కట్నమిచ్చుటయు పుచ్చుకొనుటయు 1961 శాసనము ప్రకారము నేరములు. ఒక నేరమును చూపి ఒక హక్కును కొట్టివేయుట న్యాయవాదమగునా? పైగా కట్నము ముట్టినది ఎవరికి? వరుని తండ్రికిని వరునికిని ముట్టిన సొమ్ము వధువు వాటాలో చెల్లైనట్లెట్లు లెక్కింతురు? కట్నముగా నెవరు పుచ్చుకొన్నను మూడు మాసములలో దానిని ఆమెకు ముట్టజెప్పవలయునని ఆ శాసనమే యనుచున్నది.

రెండవది: కమతములు చిన్నాభిన్నమగునని, అల్లుడు పరాయివానికి అమ్మివేయునని. నలుగురు కుమారులు పంచుకొన్నప్పుడు కమతము చీలుట లేదా? అప్పుడు నోరెత్తనివారు కుమార్తె పేరు వచ్చినంతనే కమతక్షేమమును తలంచుట చిత్రము. శాసనము ఈ భయమునకును మందు చెప్పియున్నది. 1956 శాసనపు 22వ విభాగము ననుసరించి, ప్రథమశ్రేణి వారసులకు సంక్రమించిన ఆస్తిలో ఒకరు తమ వాటాను అమ్మదలచినచో, దానిని కొనుటకు తక్కిన వారసులకు ముందు హక్కు కలదు. ఇది వ్యవసాయ భూమికిని వర్తించునని సుప్రీంకోర్టు 2019లో చెప్పెను. కావున ఆడపడుచునకు న్యాయమైన వెల నిచ్చి భూమిని నిలుపుకొనుటకు దారి కలదు. ఆమె నోరు మూయించుట అందుల కక్కరలేదు.

హక్కు నెరిగినంతనే చాలదు. దానిని కాగితమున పెట్టవలయును. మన సీమలో వ్యాజ్యములను పెంచునది దురాశతోపాటు వ్రాతలేని వ్యవహారము. పసుపు కుంకుమ క్రింద కుమార్తెకు ఎకరమో రెండెకరములో నోటిమాటగా ఇచ్చి, ఆమె పొలమునకు పోయి గట్టుపై నిలిచినంతనే దానము పూర్తియైనదని తలచువా రున్నారు. స్థిరాస్తి దానము రిజిష్టరు దస్తావేజు చేతనే, ఇద్దరు సాక్షుల సంతకములతోనే చెల్లును. ఇరువదియేండ్ల తరువాత తండ్రి గతించి, అన్న మనసు మారినచో, ఆ నోటిమాటకు సాక్ష్య మెవరు చెప్పుదురు? పంపకములును అంతే. దస్తావేజు వ్రాసి పంచుకొనునప్పుడు దానిని రిజిష్టరు చేయింపవలయును. రిజిష్టరు కాని పారీఖత్తు పేటికలో నుండును గాని కోర్టులో హక్కును నిలబెట్టదు.

పట్టాదారు పాసుపుస్తకములో పేరెక్కినంత మాత్రమున స్వామ్యము రాదు. పేరు లేనంత మాత్రమున పోదు. అది శిస్తు వ్యవహారమునకును స్వాధీనమునకును సంబంధించిన గుర్తు. వీలునామాకు రిజిస్ట్రేషను విధి కాదు గాని, ఇద్దరు సాక్షులు తప్పనిసరి. ఎవరి వీలునామాయైనను వారి స్వార్జితమునకును, పిత్రార్జితములో వారి వాటాకును మాత్రమే వర్తించును. ఇతరుల వాటాను వీలు వ్రాయుట కెవరికిని అధికారము లేదు. ఇక కాలదోషము సంగతి. అవిభక్త ఆస్తి నుండి తనను వెలివేసిరని తెలిసిన నాటి నుండి పండ్రెండేండ్లలోపల దావా వేయవలయును. అన్న మీది గౌరవముచే మిన్నకున్న చెల్లెలికి ఈ గడువు సంగతి చెప్పువారెవరు?

విడాకుల విషయమున అజ్ఞానము మరింత ప్రమాదకరము. పెద్దల సమక్షమున స్టాంపు కాగితముపై వ్రాసికొని, ఇచ్చిపుచ్చుకొన్న సొమ్ములు తిరుగబెట్టుకొని, వివాహము తెగినదని నమ్మువా రింకను గలరు. కులాచారముగ అనాది నుండి వచ్చుచున్న విడాకుల పద్ధతిని 1955 శాసనము కాపాడినది గాని, అట్టి యాచారము కలదని కోర్టులో రుజువు చేయు భారము దానిని చెప్పుకొనువారిదే. రుజువు కానిచో ఆ కాగితము చెల్లదు. రెండవ వివాహము చెల్లదు. ద్వితీయ వివాహ నేరమున కేడేండ్ల వరకు శిక్ష పడవచ్చును. ఆ రెండవ యింటి యాడుబిడ్డకు భార్య యను హోదాయే యుండదు. ఒక్క కాగితపు వ్రాత రెండు సంసారములను కూల్చును.

ఉభయులకును ఇష్టమే యైనచో చక్కని మార్గ మున్నది. ఏడాదిపాటు వేరుగా నున్న దంపతులు కలిసి అర్జీ పెట్టుకొనవచ్చును. ఆరు మాసముల నిరీక్షణ కాలమును, సయోధ్యకు ఆస లేనప్పుడు, కోర్టు తగ్గింపవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పెను. ఒకరే కోరునప్పుడు క్రౌర్యము, రెండేండ్ల పరిత్యాగము, వ్యభిచారము మొదలగు కారణములలో నొకదానిని రుజువు చేయవలయును. మనసులు విరిగినవని మాత్రము చెప్పి విడాకులు పొందు అవకాశము క్రిందికోర్టులలో లేదు. ఆ యధికారము సుప్రీంకోర్టునకు మాత్రమే కలదని 2023లో రాజ్యాంగ ధర్మాసనము నిర్ణయించినది. క్రైస్తవులకు, మహమ్మదీయులకు వారివారి శాసనములు వేరుగా గలవు. మతభేదము లేక అందరికిని తెరచియున్నది 1954 నాటి ప్రత్యేక వివాహ శాసనము.

మనోవర్తి దయాధర్మము కాదు, హక్కు. పూర్వపు క్రిమినలు ప్రొసీజరు కోడులోని 125వ విభాగమునకు బదులు 2024 జూలై 1 నుండి నాగరిక సురక్షా సంహితలోని 144వ విభాగము వర్తించుచున్నది. భార్య, బిడ్డలు, వృద్ధులైన తలిదండ్రులు దాని క్రింద కోరవచ్చును. మన సీమలో భర్తల యుపాయ మొకటి ప్రసిద్ధము: పొలము తండ్రి పేర, వ్యాపారము తమ్ముని పేర, అప్పు మాత్రము తన పేర! ఈ మాయకు విరుగుడుగా సుప్రీంకోర్టు 2020 నవంబరులో ఉభయులును తమ యాస్తి అప్పులను ప్రమాణపత్రమున వెల్లడింపవలయుననియు, మనోవర్తి అర్జీ పెట్టిన నాటినుండియే లెక్కింపవలయుననియు ఆదేశించినది. పుట్టింటివా రిచ్చిన నగలు, పాత్రలు, పొలము ఆమె స్త్రీధనమే గాని భర్త సొత్తు కాదని 1985లోనే తీర్పు కలదు. బిడ్డల సంరక్షణలో తండ్రి హక్కు, తల్లి హక్కు అను మాటలకంటె బిడ్డ క్షేమమే ముఖ్యము. మరియొక ప్రక్క, బేరము కుదుర్చుకొనుటకై క్రిమినలు ఫిర్యాదును ఆయుధముగ వాడి, నేరమెరుగని అత్తమామలను, ఆడపడుచులను అందులోనికి లాగుటయు అన్యాయమే. అట్టి ఫిర్యాదు నిజముగ హింసకు గురియైన స్త్రీల మాటకు విలువ తగ్గించును.

ఇట్టి తగవులకు సామాన్యపు కోర్టుల కాఠిన్యము తగదని గ్రహించిన వారిలో అగ్రగణ్యురాలు మన రాజమహేంద్రవరపు బిడ్డయే. 1909లో ఇచ్చట జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు ఎనిమిదవయేటనే వివాహబంధమున చిక్కి, యుక్తవయస్సు వచ్చిన పిదప దానిని విడిచి, చదివి, మదరాసులో న్యాయవాదియై, రాజ్యాంగసభలో సభ్యురాలైరి. 1953లో చైనా దేశమునకు పోయి అచటి కుటుంబ న్యాయస్థానములను పరిశీలించి వచ్చి, అట్టివి మనకును కావలయునని న్యాయమూర్తులు చాగ్లా, గజేంద్రగడ్కరులతోను ప్రధాని నెహ్రూతోను ప్రస్తావించిరి. ఆమె 1981లో కీర్తిశేషులైరి. కుటుంబ న్యాయస్థానముల శాసనము 1984లో వచ్చెను. ఆ శాసనము ప్రకారము న్యాయమూర్తి ముందుగా సయోధ్యకు ప్రయత్నింపవలయును. కక్షిదారుడు కోరినచో విచారణ రహస్యముగ జరుపవలయును. వకీలు హక్కుగా ప్రవేశింపడు. పది లక్షలకు మించిన జనసంఖ్య గల పట్టణములలో అట్టి కోర్టు తప్పనిసరి. తక్కినచోట్ల ప్రభుత్వము అవసరమును బట్టి స్థాపించును. కుటుంబ న్యాయస్థానములేని తావులలో సివిలు కోర్టులే యీ పని చేయుచున్నవి. దుర్గాబాయమ్మగారు పుట్టిన మండలములలో సామాన్యురాలు ఒక పూటలో పోయి రాదగిన దూరమున కుటుంబ న్యాయస్థాన ముండవలయునని కోరుట అత్యాశ కాదు.

రాజీకి అర్హమైన వేదికయు శాసనమే చూపినది. 1987 న్యాయసేవల శాసనము క్రింద రాజమహేంద్రవరమునను ఏలూరునను జిల్లా న్యాయసేవాధికార సంస్థలు పనిచేయుచున్నవి. స్త్రీలకు, వారి యాదాయ మెంతయైనను, వకీలు సహాయము ఉచితము. ఈ యొక్క సంగతి గ్రామమున నెందరు స్త్రీల కెరుక? లోకదాలతులో ఉభయుల సమ్మతితో కుదిరిన పరిష్కారము కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. చెల్లించిన కోర్టు రుసుము తిరిగి వచ్చును. సమ్మతి కుదరనిచో దావా యథాప్రకారము కోర్టున సాగును. హక్కునకు లోపము రాదు. పెద్దమనుష్యుల అరుగుపై చేయు పరిష్కారమునకును దీనికిని గల భేద మిదియే. ఇచ్చట కాదనుటకు వీలున్నది. కాదన వీలున్న చోటనే ఔననుటకు అర్థముండును.

అప్పీలు లేదను మాట యందలి హెచ్చరికయు గమనింపవలయును. వాటా యెంతయో, వెల యెంతయో తెలియక అచ్చట సంతకము చేసిన చెల్లెలికి పిదప మరలుటకు దారి దుర్లభము. కావున రాజీకి ముందు మూడు సంగతులు ఇరుపక్షములకును తెలియవలెను: ఆస్తి యంతయు నెంత, శాసనము ప్రకారము ఎవరి వాటా యెంత, ఇప్పుడు వదలుకొనుచున్న దెంత. ఇవి తెలిసి ప్రేమచేత అన్నకు వదలినచో అది ఆమె యౌదార్యము. తెలియకుండ వదలించుకొన్నచో అది వంచన.

మా మనవి ముఖ్యముగ భూస్వాములైన గృహస్థులకు. తలిదండ్రులు జీవించియున్నప్పుడే, బిడ్డలందరును కూర్చుండియుండగా, కుమార్తెల వాటాను తేల్చి దస్తావేజు రిజిష్టరు చేయింపుడు. పెండ్లినాడు పెట్టిన వస్తువుల పట్టికపై ఉభయపక్షముల సంతకములు వేయింపుడు. వకీళ్లు మొదటి ఫీజు పుచ్చుకొనుటకు ముందు న్యాయసేవాధికార సంస్థకు దారి చూపవలయును. గ్రామపెద్దలు తీర్పరులుగ కూర్చుండుటకు ముందు శాసన మేమి చెప్పుచున్నదో విచారింపవలయును. తులసమ్మకు ముప్పదిరెండేండ్లకు పైగా పట్టినది. మన యిండ్లలోని ఆడుబిడ్డలలో నింకొకరి కంత కాలము పట్టకుండునట్లు చూచుట మన చేతిలోని పనియే.